నాలుక చాపిన మొహాలు

నేను జీవితంలో వేసిన బొమ్మలన్నీ దిష్టిబొమ్మలే. ఒక్క సూర్యోదయం గానీ, బిందె ఎత్తుకున్న పడుచు గానీ, నెమలి గానీ నా చేత్తో పుట్టలేదు. పుట్టించాలని నాకు అనిపించనూ లేదు. గుండ్రటి కళ్లు, కోరమీసం, బయటికి చాపిన ఎర్రటి నాలుక ఉంటే చాలు, లోకం మీద నాకున్న కోపమంతా పోతుంది. కోపం నాకు కాస్త ఎక్కువే లెండి, అందుకే బొమ్మలూ ఎక్కువయ్యాయి.

మొదటిది మా ఇంటికే వేశాను. తొంభైల మధ్యలో మాట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా వాళ్లు పోరంకిలో రెండు గదుల ఇల్లు మొదలుపెట్టారు. బందరు రోడ్డుకి అటూ ఇటూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. ఎక్కడ చూసినా ఇసుక గుట్టలు, కంకర, అప్పుడే నీళ్లు కొట్టిన గోడల వాసన. కట్టే ఇంటి మీద పదిమంది కళ్లూ పడతాయి కాబట్టి ముందొక దిష్టిబొమ్మ వేలాడాల్సిందే. మా అత్తయ్యగారు మైలవరం దగ్గర పల్లెటూరి మనిషి. మావయ్యగారు పోయాక పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశారు. ఆవిడ చెప్పగానే మేస్త్రి బజారుకెళ్లి ఒక రేకు బొమ్మ తెచ్చాడు. నల్లటి మొహం, రెండు కొమ్ములు, రెండు కోరలు. దాన్ని చూస్తే నాకు భయం వెయ్యలేదు, నీరసం వచ్చింది. ఎవరో తిట్టుకుంటూ వేసిన బొమ్మ అది. ఇలాంటిది మన గుమ్మానికెందుకు, నేను వేస్తానన్నాను.

నీకు వచ్చా అన్నట్టు చూశారు అత్తయ్యగారు. చెప్పుకోవడానికి నా దగ్గర స్కూల్లో పాసైన డ్రాయింగ్ పరీక్ష తప్ప ఏమీ లేదు. దానికి కూజా వేయించారు, కమలాపండు వేయించారు, అంతే. అసలు చదువు వేరే చోట అయింది. మాది కూచిపూడి పక్కన ఊరు. చిన్నప్పుడు నన్ను డాన్సులో చేర్పిస్తే మాస్టారు నెల తిరక్కుండానే మా నాన్నని పిలిచి, అమ్మాయికి కాళ్లు కుదరవు గానీ కళ్లు మాత్రం బాగా తిప్పుతోందని చెప్పి మర్యాదగా ఇంటికి పంపేశారు. ఆ తర్వాత కిటికీ పట్టుకుని వేలాడుతూ చూసేదాన్ని. అందమైన వేషాలు కట్టేవాళ్ల జోలికి నా కళ్లు పోయేవి కావు. రాక్షస వేషం కట్టేవాళ్లంటేనే పిచ్చి. కనుబొమలు నుదుటి మీదికి ఎక్కేవి, మీసం చెవుల దాకా పాకేది, కళ్లు చుట్టూ తిరిగొచ్చి ఎవరో ఒక పిల్లవాడి మీద ఆగేవి. వాడు కెవ్వుమనేవాడు. నేను ఇంటికొచ్చి పలక నిండా ఆ కళ్లే దిద్దేదాన్ని.

ఆ కళ్లు మనసులో పెట్టుకుని, రేకొద్దు, ఒక బూడిద గుమ్మడికాయ తెప్పించమన్నాను. కాయ మీది తెల్లటి పొడిని తడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, అప్పుడు ఎనామిల్ పెయింటు పట్టించాలి. లేకపోతే రంగు పొరలా లేచి వచ్చేస్తుంది. కాయకి బుడిపె ఎక్కడుందో చూసుకుని ముక్కు అక్కడ పెట్టాలి. వంకర కాయ దొరికిందా, ఇంక పండగే, సగం మొహం అదే ఇచ్చేస్తుంది. ఇవన్నీ తర్వాత తెలిశాయి గానీ ఆ రోజు మాత్రం చేతికొచ్చినట్టు వేసుకుంటూ పోయాను. కళ్లు కుదిరాయి, మీసం కుదిరింది, నాలుక బ్రహ్మాండంగా వచ్చింది. చివర్లో నోటి మూలలు కిందికి దించాల్సింది పోయి, కుంచె పైకి లేచిపోయింది. రాక్షసుడు నవ్వేశాడు.

మేస్త్రి కాయను ఇంటి ముందు వేలాడదీసి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఏందమ్మా ఇది, భయపెట్టట్లేదు, కాఫీ తాగిపొమ్మంటోంది," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. చెరిపేసి మళ్లీ వేద్దామని గుడ్డ తీసుకున్నాను. అత్తయ్యగారు ఆపారు. ఆవిడ అప్పటిదాకా ఇసుక గుట్ట మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తూనే ఉన్నారు. సైకిలు మీద పోయే పాలవాడు కాయను చూసి కాలు కింద పెట్టాడు. కాలేజీ పిల్లలు చూసి ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నారు. ఒకావిడ రిక్షా ఆపించి మరీ చూసింది. ఒక్కళ్లూ ఇంటి వైపు తల ఎత్తలేదు. వచ్చేపోయేవాళ్లంతా కాయనే చూస్తున్నారు, మనకి కావలసిందీ అదే కదా, ఉండనీ అన్నారు అత్తయ్యగారు. నా బొమ్మల్ని మొట్టమొదట మెచ్చుకున్నది ఆవిడే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత ఆవిడతోనే నాకు చెడింది.

గుమ్మడికాయతో ఉన్న గొప్ప సంగతేంటంటే అది కుళ్లిపోతుంది. నెలా రెండు నెలలకి మెత్తబడుతుంది, మీసం జారిపోతుంది, ఈగలు వాలతాయి. అమావాస్యకి దాన్ని తీసేసి కొత్తది కట్టాలి. కొత్త కాయంటే కొత్త మొహం. మా వీధిలో ఇళ్లు లేస్తున్నకొద్దీ అమావాస్య ముందు రోజు మా వరండాలో కాయలు పోగుపడేవి. అపార్టుమెంట్లు కట్టేవాళ్లు కాయలు పనికిరావని ప్లైవుడ్ బోర్డులు పంపేవాళ్లు. పొద్దున్నే వంట ముగించి, కొంగు బిగించి, నల్ల డబ్బా మూత స్పూనుతో లేపేటప్పుడు నాకు కలిగే హుషారు ఎలా చెప్పను? పండక్కి పుట్టింటికి బయల్దేరేటప్పుడు కూడా అంత హుషారు లేదు. ఇవాళ వీడు ఎవడవుతాడో, వేసే నాకే తెలియదు కదా.

మనుషులందర్నీ ఆ చూపుతోనే చూడటం మొదలుపెట్టాను. ఎదురింటి లెక్చరర్ గారు మధ్యాహ్నం నిద్రలో నోరు తెరిచే తీరు ఒక ప్లైవుడ్ బోర్డు మీదికి ఎక్కింది. గ్యాస్ బండ ఇంకా రాలేదని చెప్పినప్పుడు క్యూలో నిలబడ్డ నా మొహం ఒక కాయ మీదికి ఎక్కింది, దానికి మా ఆయన దణ్ణం పెట్టారు. సిటీ బస్సులో ఒక కండక్టరు ఉండేవాడు. టిక్కెట్టు చించేముందు వేలు నాలుక్కి రాసుకునేవాడు. అప్పుడు కనుబొమలు రెండూ లేచేవి, మీసం విచ్చుకునేది. ఆ నాలుక కోసం నేను దిగాల్సిన స్టాపు దాటిపోయి కూడా చూశాను. వాణ్ణి బందరు రోడ్డు మీద ఒక పెద్ద అపార్టుమెంటుకి బోర్డు మీద వేశాను, భుజాన సంచీతో సహా.

ఇది ఆటేనా అని అడిగేవాళ్లు. ఆటే. కానీ ఆటలో ఒక సంగతి నాకు దొరికింది. భయపెట్టాల్సిన మొహం, కోరలతో సహా అంతా సిద్ధమైన మొహం, చివరి గీతలో మనసు మార్చుకుని నవ్వుతుంది చూడండి, ఆ గీత గీసేటప్పుడు నాకు గుండె గంతులేస్తుంది. లోకంలో భయపడాల్సినవి చాలానే ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని నవ్వించగలుగుతున్నాను కదా అని గర్వంగా ఉండేది. ఇంత కంటే పెద్ద పని నేనింకేం చెయ్యాలి?

ఆ రోజుల్లోనే ఒకసారి నాకు నాలుగో నెలలో కడుపు పోయింది. ఎవరూ ఏమీ అనలేదు. డాక్టరమ్మ ఇది మామూలే, మళ్లీ నిలుస్తుందన్నారు. అత్తయ్యగారు నాకు నెల రోజులు మంచం మీదికే అన్నం తెచ్చిపెట్టారు. నేను లేచి తిరిగాక మళ్లీ కాయలు పట్టుకున్నాను. వాటి వల్లే లేచానని కూడా చెప్పాలి. అప్పటి నుంచి ఆవిడ వరండాలోకి రావడం తగ్గించారు.

రెండోసారి నెల తప్పినప్పుడు అసలు గొడవ మొదలైంది. కడుపుతో ఉన్న మనిషి పొద్దస్తమానం ఏ మొహం చూస్తే బిడ్డకి ఆ పోలికే వస్తుందని మా వైపు ఒక నమ్మకం. అత్తయ్యగారు నా డబ్బాలు, కుంచెలు ఒక గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టించారు. కేకలు వెయ్యలేదు, కోప్పడలేదు, బతిమాలారు. కాన్పయ్యేదాకా రాక్షస మొహాల వంక చూడొద్దమ్మాయ్, నీకు పుణ్యముంటుంది అన్నారు. మా ఆయన కూడా పెయింటు వాసన మంచిది కాదని తలూపారు. కోప్పడితే నేనూ కోప్పడేదాన్ని. బతిమాలితే ఏం చెయ్యను?

ఆ మర్నాడే వన్‌టౌన్ ఫుట్‌పాత్ మీద కొన్న పిల్లల పోస్టర్లు మా గది గోడలెక్కాయి. మీకూ గుర్తుండే ఉంటాయి. బొద్దుగా, తెల్లగా, నీలికళ్లు. ఒకడు టోపీ పెట్టుకుని, ఒకడు టెలిఫోను చెవిన పెట్టుకుని, ఒకడు టబ్బులో. వీళ్ల పోలిక వస్తే నేను మా వాళ్లకి ఏం సమాధానం చెప్పాలండీ అని అడిగాను, మా ఇంటా వంటా నీలికళ్లు లేవు కదా. అత్తయ్యగారు నవ్వలేదు. పొద్దున లేవగానే వాళ్లని చూడమన్నారు, చూశాను. టెలిఫోను పట్టుకున్నవాడి మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

చేతులు ఊరుకోవు కదా. దోసె పిండి పెనం మీద పోస్తే దానికి రెండు కళ్లు పెట్టేదాన్ని. ఆవిడ వచ్చేలోపు తిరగేసేదాన్ని. వీధిలో అందరూ మళ్లీ బజారు రేకులు కట్టుకున్నారు. వాటిని దాటుకుంటూ నడవాలంటే ఏడుపొచ్చేది. ఇంతా చేసి నేను అత్తయ్యగారితో గట్టిగా ఎందుకు పోట్లాడలేదో అప్పుడు ఎవరికీ చెప్పలేదు. నాకూ భయం వేసింది. మొదటిసారి పోయినప్పుడు నా ఎదురుగా సగం వేసిన కాయ ఒకటి ఉంది. నమ్మకాలని వెక్కిరించే నేను, రాత్రిళ్లు ఆ కాయ గుర్తొచ్చి పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకునేదాన్ని. బొమ్మలు పోయినా పర్లేదు, ఈ బిడ్డ నిలిస్తే చాలనుకున్నాను. అలా అనుకున్నందుకు మళ్లీ నా మీద నాకే కోపం.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం బిడ్డ కదలడం తగ్గింది. పక్కకి తిరిగి పడుకున్నాను, చల్లటి నీళ్లు తాగాను, బెల్లం ముక్క తిన్నాను. ఎప్పటిలా తన్నడం లేదు. అత్తయ్యగారు ఇంక ఆగలేదు, ఆటో పిలిచి సూర్యారావుపేటలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. మా ఆయన ఆఫీసు పని మీద గుంటూరులో ఉన్నారు. డాక్టరమ్మ గుండె చప్పుడు విన్నారు, స్కాన్ తీశారు. అంతా బాగానే ఉంది, బిడ్డ బద్ధకంగా పడుకుంది, సాయంత్రానికి కదలకపోతే మళ్లీ రండి, తల్లి మాత్రం కాస్త సంతోషంగా ఉండాలి అన్నారు. సంతోషంగా ఉండమని చీటీ మీద రాసిస్తే మందుల షాపులో ఇస్తారా? ఆటోలో ఆవిడ నా పొట్ట మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

బందరు రోడ్డు మీదికి వచ్చాం. ఎండ ఇంకా తగ్గలేదు. తల పక్కకి తిప్పితే ఒక అపార్టుమెంటు, ఇంకా సున్నం కూడా పడలేదు, మూడో అంతస్తు పిట్టగోడకి కట్టి నా కండక్టరు. ఎండకి వానకి రంగు వెలిసి, మీసం ఒక వైపు పోయింది. ఉన్న మీసంతో, నాలుక మీద వేలు పెట్టుకుని, ఊరు మొత్తానికి టిక్కెట్లు కొడతానన్నట్టు చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఆపుకోలేక ఫక్కున నవ్వాను. ఆ భయంలో, ఆ ఎండలో, నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నవ్వుతో పొట్టంతా ఊగింది. అప్పుడు లోపలి నుంచి ఒక తన్ను. చిన్నది కాదు, డొక్కలో తగిలేలా.

అత్తయ్యగారి చెయ్యి అక్కడే ఉంది. ఆవిడ నా మొహం చూశారు, నేను చూస్తున్న వైపు చూశారు. అప్పటికి ఆటో ముందుకి పోయింది.

"బాబూ, ఆటో వెనక్కి తిప్పు," అన్నారు.

ఏమన్నా పడిపోయిందా అండీ అని అడిగాడు ఆటో అతను. ఏమీ పడలేదు, బొమ్మ చూడాలి అన్నారు ఆవిడ. అతను డివైడరు చుట్టూ తిరిగి తీసుకొచ్చి సరిగ్గా దాని కింద ఆపాడు. తనూ తల బయటపెట్టి పైకి చూసి, ఇది సిటీ బస్సు కండక్టరు కదండీ అన్నాడు. నేను మళ్లీ నవ్వాను. మళ్లీ తన్నింది. అత్తయ్యగారు కళ్లు మూసుకుని ఆ తన్ను చేత్తో పట్టుకున్నట్టు అలాగే ఉండిపోయారు.

తర్వాత ఇంకా ఎక్కడెక్కడ ఉన్నాయని అడిగారు.

ఆ సాయంత్రం మేము గుళ్లు తిరిగినట్టు దిష్టిబొమ్మలు తిరిగాం. పటమటలో రెండు బోర్డులు, కానూరులో ఒకటి, కాలవ గట్టు పక్కన షెడ్డుకి ఒకటి. నేను దారి చెప్పేదాన్ని, ఆవిడ గతుకులున్నచోట మెల్లగా పొమ్మని అతన్ని కేకలేసేవారు. గృహప్రవేశం అయిపోయి ఒకచోట బొమ్మ తీసేశారు. ఆవిడ దిగి వెళ్లి ఆ ఇంటావిడని ఎందుకు తీశారని నిలదీసి వచ్చారు. లెక్చరర్ గారి మొహం దగ్గర నేను ఆయన గురక పెట్టి చూపించాను. ఆటో అతను హ్యాండిల్ మీద వాలిపోయి నవ్వాడు. లోపల ఉన్నది ఇంక ఊరుకోలేదు, ఇంటికొచ్చేదాకా తంతూనే ఉంది.

మా సందు మొదట్లో ఆటో దిగాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, నేలకేసి చూస్తూ చెప్పారు.

"పోయినసారి ఎవరి మీదో ఒకరి మీద నెపం వెయ్యకపోతే నాకు ఊపిరాడలేదమ్మాయ్. నీ మీద వెయ్యలేను, దేవుడి మీద వెయ్యలేను. ఆ బొమ్మల మీద వేశాను."

నేను కూడా వాటి మీదే వేశానని చెప్పాను. ఇద్దరం సందులో నిలబడి ఏడ్చాం. ఇంట్లోకి వెళ్లాక ఆవిడ పోస్టర్లు తీసేశారు. టెలిఫోను పట్టుకున్నవాణ్ణి మాత్రం నేను చించాను.

అటక మీది సంచీ దించడానికి ఒప్పుకోలేదు, పెయింటు వాసన ఇంకా వద్దన్నారు. దానికి బదులు వంటింట్లోంచి పసుపు, సున్నం, కుంకుమ, కాటుక తెచ్చి గిన్నెల్లో కలిపి నా ముందు పెట్టారు. కొత్త గుమ్మడికాయ ఒకటి తెప్పించి, కదలకుండా తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఇంక మీసం పెంచమ్మాయ్, ఇంకా పెంచు అంటూ ఆవిడ పక్క నుంచి చెప్పడం, నేను విసుక్కోవడం. వానొస్తే కారిపోయే రంగులు అవి. అంత సరదాగా నేనెప్పుడూ వెయ్యలేదు.

ఆడపిల్ల పుట్టింది. స్నానం చేయించగానే, ఎవరి కళ్లూ పడకుండా, అరికాల్లో కాటుక చుక్క పెట్టడం మా ఆచారం. పదకొండో రోజు స్నానం అయ్యాక ఆవిడ కాటుక భరిణె నాకిచ్చారు. చుక్క ఎందుకు, నీ పని నువ్వు చెయ్యి అన్నారు. బొటనవేలంత అరికాలు, దాని మీద రెండు కళ్లు, ఒక మీసం, ఇంత నాలుక. పిల్ల కాలు లాక్కుంటే మీసం వంకరపోయేది, అది ఇంకా బాగుండేది. ఆ రోజు మొదలు స్నానం కాగానే ఆవిడ పిల్ల కాలు నా ముందు పెట్టేవారు. ఇవాళ ఎవరే అని అడిగేవారు. పాలవాడు అయ్యాడు, ఆటో అతను అయ్యాడు, డాక్టరమ్మ అయ్యారు.

పిల్లకి అయిదో నెల వచ్చాక ఒక పొద్దున మంచం మీద పడుకోబెట్టాను. అది కాలు రెండు చేతులతో పట్టుకుని మొహం దాకా తెచ్చుకుంది. అరికాల్లో మొహం దానివైపు చూస్తోంది. ఇది కాసేపు సీరియస్‌గా చూసి, ఒక్కసారిగా గట్టిగా నవ్వింది. అంతకుముందు బోసినోటితో చిరునవ్వులే గానీ, చప్పుడు చేసి, పొట్ట ఎగరేసి నవ్వడం అదే మొదలు. అత్తయ్యగారు చేతికున్న పిండితో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. ఏమైంది, ఎందుకు నవ్వుతోంది అంటూ వంగి కాలు చూశారు.

గుండ్రటి కళ్లద్దాలు, పెద్ద ముక్కు, ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు. ఆ పొద్దున నేను వేసింది ఆవిణ్ణే.

ఇంక నా పని అయిందనుకున్నాను. ఆవిడ ఆ మొహాన్ని చూశారు, నన్ను చూశారు. కళ్లద్దాలు సరిచేసుకుని, పిల్ల మొహం మీదికి వంగి, కళ్లు పెద్దవి చేసి, నాలుక ఎంత పొడుగు వస్తే అంతా చాపారు.